కొయ్య ఏనుగు మీద తీర్మానం

కోటగోడ మీంచి దూకేటప్పుడు కింద గడ్డివామి ఉందని జయభల్లుడు గట్టిగా నమ్మాడు. ఎండుగడ్డి రంగులో నిక్కి, నడుమ కాస్త కుంగి ఉన్న ఆ ఆకారం ఎవరి కంటికైనా అలాగే కనబడుతుంది. తీరా కాళ్ళు తగిలాక అది గుడారమని, అందులోనూ బాగా పాతదని తెలిసింది. గుడ్డ చర్రున చిరిగింది. అమరకుంతల రాజకుమారుడు ఆ చిరుగులోంచి జారి తిన్నగా ఒక వృద్ధుడి ఒళ్ళో పడ్డాడు.

చుట్టూ వందలమంది జనం, అందరి తలలమీదా పాగాలు, ఎదురుగా ఎత్తయిన వేదిక. అది మణిశృంగ నగరపు పూర్వపథ సభ.

రాజు వారసులు లేకుండా కన్నుమూసిన నాటినుంచి ఆ రాజ్యాన్ని ఈ సభే నడుపుతోంది. నగరాన్ని కట్టిన ఆదివజ్ర మహారాజు నడిచిన దారి తప్ప మరో దారి తొక్కకూడదన్నది సభలో ప్రతివాడి మాటా. ఆ దారిలో ఎంత బిగువుగా నడవాలన్న దగ్గరే పేచీ. గంజిపెట్టి, ఇనపకడియం బిగించిన పాగాలవాళ్ళు కుడివైపు కూర్చుంటారు, వాళ్ళని ఉక్కుపాగాలంటారు. వదులుగా నూలుగుడ్డ చుట్టుకున్నవాళ్ళు ఎడమవైపు, వాళ్ళు నూలుపాగాలు. జయభల్లుడు కుడివైపు పడ్డాడు. అతని నెత్తిమీద ఉన్నదీ ఉక్కుపాగాయే. పొద్దున ఒక కావలివాడితో పెనుగులాడి లాక్కున్నాడు. భుజాన ఒక గోనెసంచి, సంచిలో ఒక తాబేలు.

"ఏ ఊరు నాయనా?" అని ఆ వృద్ధుడు అతన్ని ఒళ్ళోంచి దించుతూ అడిగాడు.

"పైనుంచండి," అన్నాడు జయభల్లుడు రొప్పుతూ.

"ఎగువ గ్రామాల ప్రతినిధివా? ఇంత వరదలో కూడా వచ్చావు. నిష్ఠంటే అలా ఉండాలి. కూర్చో, కూర్చో," అని ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

వేదిక మీద ఉక్కుపాగాల నాయకుడు భైరవదండుడు నిలుచున్నాడు. మంచుపడిన కొండచరియలాంటి తెల్లని గడ్డం, గద్దముక్కు, దీపాల వెలుగును తిప్పికొట్టే వెండిపొన్ను దండం, ఆ దండాన్ని నేలకు తాటించినప్పుడల్లా సభాస్థలి చివరిదాకా పాకే గంభీరమైన నిశ్శబ్దం. చూసినవాడెవడైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. కాని అసలు భైరవదండుడు జయభల్లుడి గోనెసంచిలో ఉన్నాడు. వేదిక మీదున్నవాడు ధూమ్రజటుడనే మాంత్రికుడు.

శంఖవేణి నది పుట్టే కొండలమీద మేఘాల్ని మంత్రంతో కట్టిపడేసింది ధూమ్రజటుడే. నగరం జనంతోసహా మునిగితే తప్ప అతని క్షుద్రదేవతకు బలి పూర్తికాదు. జనం పారిపోకుండా ఆపడానికి అతనికి సైన్యం అక్కర్లేకపోయింది. భైరవదండుణ్ణి తాబేలుగా మార్చి, ఆయన ఇంటి బావిలోనే పడేసి, ఆయన రూపంలో సభకు వచ్చాడు. మొదటిరోజు దొరికిపోతానేమోనని భయపడుతూనే మాట్లాడాడు. ఎంత కఠినంగా మాట్లాడితే అన్ని చప్పట్లు పడ్డాయి. ఆ తరవాత భయం పోయింది. ఈ సంగతి బావిలోంచి మూలుగుతూ తాబేలే చెప్పగా జయభల్లుడికి తెలిసింది. తాబేలును బయటికి తీసింది మొదలు కావలివాళ్ళు అతని వెంటపడ్డారు. తాబేలు మాత్రం సంచిలో పడ్డాక తల లోపలికి లాక్కుని మళ్ళీ నోరు విప్పలేదు. మాట్లాడని తాబేలును ఎత్తి చూపించి, ఇదే మీ నాయకుడంటే నమ్మేవాళ్ళెవరు?

ఎడమవైపునుంచి నూలుపాగాల నాయకుడు శ్రీకంఠమంత్రి లేచాడు. బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. భైరవదండుడి చెల్లెలి భర్త.

"బావా, నీళ్ళు అంగడివీధికి వచ్చేశాయి. సాయంత్రానికి ఈ గుడారం ఉండదు. ఆదివజ్రులవారు ఈ నదిని ఏనుగు మీద దాటారు. నా ప్రజలు నేను దాటినట్టే దాటాలి, పడవ ఎక్కినవాడు నావాడు కాడు అని శాసనం వేయించారు. దాన్ని మేమూ కాదనడం లేదు. ఉరుములకు బెదిరి మన ఏనుగులన్నీ అడవిలోకి పోయాయి కదా. అంచేత ఒక ఏనుగును చేయించాం."

"చేయించారా? దేంతో?"

"కొయ్యతో."

"కొయ్యతో చేసి నీళ్ళలో వదిలేదాన్ని ఏమంటారు బావా?" అని మాంత్రికుడు చల్లగా అడిగాడు.

"దీనికి తొండం ఉంది. దంతాలున్నాయి. ఏనుగే అంటాం."

వెనకనుంచి ఒక నూలుపాగా లేచాడు. "మంత్రిగారు మన్నించాలి. ఏనుగు అనేయడం తొందరపాటు. ఏనుగువంటిది అందాం."

"వంటిది అంటే కాదని ఒప్పేసుకున్నట్టే గదండీ," అని మరొకడు అడ్డం వచ్చాడు. ఇంకొకడు దాన్ని ఏనుగుగా పరిగణించవచ్చు అని రాసుకుందామన్నాడు. వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూండగా గుడారం అంచు కిందనుంచి నీళ్ళు లోపలికి వచ్చి, ముందువరసవాళ్ళ చెప్పులు మెల్లగా తేలడం మొదలెట్టాయి.

మాంత్రికుడు దండం తాటించాడు. "ఎగువ గ్రామాలనుంచి కొత్త ప్రతినిధి వచ్చినట్టున్నాడు. అతను చెప్పనీ."

అందరి చూపులూ జయభల్లుడి మీద పడ్డాయి. గుడారం వాకిట్లో పొద్దుటి కావలివాడు బోడితలతో నిలబడి, లోపల ఎవరి నెత్తిమీద తన పాగా ఉందా అని వెతుకుతున్నాడు. జయభల్లుడు ఛాతీ విరిచి లేచాడు.

"పడవ సంగతి తరవాత. నది వైపు తిరిగి చూడడమే అపచారం. ఈ సభలో ఇవాళ నదిని చూసినవాళ్ళు ఎంతమంది? సిగ్గుపడాలి."

కుడివైపంతా హోరెత్తిపోయింది. వృద్ధుడికి కళ్ళనీళ్ళొచ్చాయి. నదిని చూసి వచ్చిన ఒకరిద్దరు తలలు దించుకున్నారు. వాకిట్లో కావలివాడు కూడా తన పాగా మాట మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. ఇంతకంటే బిగువైన మనిషి దొరకడని, కొయ్య ఏనుగును పరీక్షించే అధికారం ఇతనికే ఇవ్వాలని ఎవరో కేకేశారు. మాంత్రికుడికి అది నచ్చింది. ఆ ఏనుగును కాదని కొట్టిపారేయడానికి ఇంతకంటే తగినవాడు కనబడలేదు. జయభల్లుణ్ణి భుజాలమీద ఎత్తుకుని నది ఒడ్డుకు ఊరేగించారు. నదిని చూడడం అపచారమని వినివున్నారు కాబట్టి మోసేవాళ్ళందరూ వెనక్కి నడిచారు. దారిలో రెండుసార్లు గోడకు గుద్దుకున్నారు.

నది ఒడ్డున ఏనుగు నిలబడి ఉంది. వేగిసచెక్క పలకలమీద నల్లటి లక్కపూత తడిసి నిగనిగలాడుతోంది. చాటల్లాంటి చెవులకు ఎర్రపట్టు అంచులు, పనసచెక్క దంతాలకు ఇత్తడి తొడుగులు, నుదుటిమీద చందనంతో దిద్దిన పెద్ద కమలం. వెదురుచట్రానికి తోలు తొడిగి చేసిన తొండం గాలికి అటూఇటూ ఊగుతోంది. వీపుమీద ఊరంతా ఇమిడేటంత అంబారీ, దానికి చుట్టూ పిట్టగోడ, పిట్టగోడకు చిరుగంటలు. ఇంత సొగసులోనూ పొట్టకింద భాగం మాత్రం అచ్చం పడవలా ఉంది.

తొండం మొదట్లో సుత్తి పుచ్చుకుని ఒక యువతి మేకులు దిగ్గొడుతోంది. భైరవదండుడి కూతురు హేమలేఖ. నూలుపాగాలు దంతాలెన్ని ఉండాలని చర్చించుకుంటూంటే, వడ్రంగులను పోగుచేసి ఏనుగును నిలబెట్టింది ఆమే. ఈ పాపానికి తండ్రి తనను ఇంట్లోంచి వెళ్ళగొట్టాడని అనుకుంటోంది. వెళ్ళగొట్టింది తండ్రి రూపంలో ఉన్న మాంత్రికుడని ఆమెకు తెలియదు.

జయభల్లుడు పరీక్ష పేరుతో ఏనుగు నోట్లోంచి లోపలికి దూరి, ఆమెను కూడా రమ్మని సైగ చేశాడు. లోపల లక్కవాసన, అరచీకటి. గబగబా జరిగినదంతా చెప్పి సంచి విప్పాడు.

హేమలేఖ మోకాళ్ళమీద కూర్చుని తాబేలు చిప్పమీద చెయ్యి వేసింది. "నాన్నగారూ."

తాబేలు కదల్లేదు.

"మీరు ఇలా అవడం నాకు కనబడకూడదనేనా మాట్లాడరు? నాకేం ఫరవాలేదు. ఒక్కసారి చూడండి."

కొంతసేపటికి చిప్పలోంచి ముడతలుపడ్డ తల బయటికొచ్చింది. ఆ చిన్ననోట్లోంచి నగారాలాంటి గొంతు పలికింది. "సుత్తి చప్పుడు విన్నాను. పడవ కడుతున్నావా అమ్మాయీ?"

"ఏనుగండీ."

"నాకు అబద్ధం చెప్పకు."

"పడవే," అంది హేమలేఖ.

"ఊఁ. నేను ఎక్కను."

"తెలుసు నాన్నగారూ."

"ఎక్కేవాళ్ళని ఆపను. మాట ఇచ్చుకున్నది నేను. నీళ్ళలో మునిగేవాడి కాళ్ళు పట్టుకుని లాగమని ఆదివజ్రుడు నాకు చెప్పలేదు."

జయభల్లుడు అన్నాడు: "కాని బయట మీరే ఎవరినీ ఎక్కనివ్వడం లేదండీ. పిల్లల్ని కూడా వద్దంటున్నారు."

"పిల్లల్ని వద్దని నేనన్నానా? నా గొంతుతోనేనా?"

"మీ గొంతుతోనే."

"మరి ఎవరికీ అనుమానం రాలేదూ?"

"మీరైతే అలాగే అంటారని అనుకున్నారు."

తాబేలు తల మళ్ళీ చిప్పలోకి పోయింది.  హేమలేఖ కూడా తల వంచుకుంది. ఆమె కూడా అలాగే అనుకుంది మరి.

బయట దండం తాటించిన చప్పుడైంది. మాంత్రికుడు స్వయంగా వచ్చాడు. అతని వెనక రెండు పక్షాలూ, ఆ వెనక మూటలు నెత్తిన పెట్టుకుని ఊరంతా నిలబడింది. నీళ్ళు అందరి మోకాళ్ళదాకా వచ్చాయి.

"ఏనుగైతే చెరకు తినాలి," అన్నాడు మాంత్రికుడు.

చెరకుగడ అందించారు. లోపలినుంచి జయభల్లుడు తాళ్ళు లాగాడు. తొండం ఒకసారి శ్రీకంఠమంత్రి పాగాను, రెండోసారి ఒక నూలుపాగా గొడుగును పట్టుకుని, మూడోసారి చెరకును అందుకుని నోట్లో పెట్టింది. లోపల జయభల్లుడు గడను పటపటా నమిలి పిప్పిని బయటికి ఊశాడు. నూలుపాగాలు ఆనందంతో ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. ఉక్కుపాగాల్లో సగంమంది ముఖాలు కూడా విప్పారాయి. వాళ్ళ పిల్లలూ ఒడ్డునే ఉన్నారు. తండ్రుల పంచెలు పట్టుకుని ఏనుగునే చూస్తున్నారు.

"ఘీంకరించాలి."

హేమలేఖ పెద్ద శంఖం పూరించింది. పావురాలు లేచిపోయాయి.

"ఇప్పుడు నా ముందు మోకరించాలి," అన్నాడు మాంత్రికుడు.

లోపల జయభల్లుడు, హేమలేఖ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొయ్య కాళ్ళు వంగవు.  నూలుపాగాల్లో ఒకడు ముసలి ఏనుగులు మోకరించవని గొణిగాడు. మాంత్రికుడు నవ్వి, దీన్ని తగలబెట్టండని చెయ్యెత్తాడు.

"ఎవర్రా నువ్వు?" అంది ఏనుగు.

ఆ గొంతు నది రొదను మించి మోగింది. తాబేలు పాక్కుంటూ వెళ్ళి ఏనుగు నోటి అంచున నిలబడింది. కిందివాళ్ళకు తాబేలు కనబడదు; గొంతు ఒక్కటే వినబడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా సభలో విన్న గొంతు. ప్రతివాడూ ఏనుగువంక చూసి, దాని ఎదురుగా నిలబడ్డ నాయకుడి వంక చూసి, మళ్ళీ ఏనుగువంక చూశాడు.

"పిల్లల్ని ముంచమని నా పేరుతో చెప్పడానికి నువ్వెవరివి? ఒరేయ్ సోమనాథం, నువ్వు ముందువరసలో కూర్చుంటావు గదా, నేను ఏనాడైనా ఒకరి బిడ్డ జోలికి వెళ్ళానా? నాకు కావలసిన కట్టుబాటు నేను పాటిస్తాను. మిమ్మల్ని పాటించమని పోట్లాడతాను, తిడతాను, తిండి మానేస్తాను. చావమనను."

శ్రీకంఠమంత్రి నీళ్ళలో రెండడుగులు ముందుకు వేశాడు.  "మా బావ," అన్నాడు. "తిండి మానేస్తానన్నాడంటే మా బావే."

ధూమ్రజటుడు ఇక దాచుకోలేదు. తెల్లగడ్డం పొగలా విడిపోయింది. గద్దముక్కు కరిగింది. బూడిదరంగు జడలు గాల్లో పాముల్లా లేచాయి. "ఏనుగు ఏనుగంటూ నా ప్రాణం తీశారు. ఏనుగే కావాలా? తీసుకోండి," అని దండాన్ని విసిరికొట్టాడు.

దండం ఏనుగు నుదుటికి తగిలింది. లక్కపూత చర్మమై ముడతలు పడింది. మేకులు వెంట్రుకలయ్యాయి. నోట్లో ఉన్న ముగ్గురికీ కిందినుంచి వెచ్చగా, తడిగా ఒక నాలుక లేచింది. జయభల్లుడు ఒక చేత్తో తాబేలును, ఒక చేత్తో హేమలేఖను పట్టుకుని దంతం మీదికి గెంతాడు. కొండంత ఏనుగు చెవులు విదిలించి, మెల్లగా, ఎంతో మర్యాదగా జనం ముందు మోకరించింది. అంబారీ మాత్రం కొయ్యదిగానే మిగిలింది.

 ఉక్కుపాగాలు ఒక్కసారిగా మూటలు ఎత్తుకుని పరిగెత్తారు. అది అసలైన ఏనుగు. ఆదివజ్రుడు దాటినట్టే దాటవచ్చు. వెనకబడింది నూలుపాగాలు. కొయ్యదైతే ఎక్కుదామని వచ్చారు గాని ఇది కరిస్తే ఎలాగని వాళ్ళ సందేహం. ఉక్కుపాగాలే వాళ్ళ చేతులు పట్టి పైకి లాగారు. గుడారంలోని వృద్ధుడు శ్రీకంఠమంత్రిని తన భుజాలమీద నిలబెట్టి అంబారీలోకి తోశాడు. నవ్వులు, కేకలు, గంటల మోత, కోళ్ళ గంపలు, ఊయలతొట్లు. తల్లులు పిల్లల్ని పిట్టగోడమీంచి అందించుకున్నారు. ధూమ్రజటుడు తనచేతులతోనే అందరినీ ఏనుగెక్కించినందుకు పళ్ళు పటపట కొరికి, పొగై పైకి లేచాడు. ఆ పొగ సన్నని దారంలా సాగి ఏనుగు కుడిచెవిలో దూరడం ఆ సందట్లో ఎవరూ చూడలేదు.

ఏనుగు శంఖవేణిలోకి దిగింది. వెనక మణిశృంగం గోడలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. ముందు ఆవలి ఒడ్డున చంద్రగండం కొండ పచ్చగా కనబడుతోంది. తాబేలును జయభల్లుడు అంబారీ ముందుభాగంలో కూర్చోబెట్టాడు. సంగతి తెలిసి ఉక్కుపాగాలు ఒక్కొక్కరే వచ్చి దానికి దణ్ణం పెట్టారు. శ్రీకంఠమంత్రి పక్కన చతికిలబడి, "బావా, నీకు ఆకుకూరలు పడతాయా?" అని అడిగాడు.

"అడక్కు," అన్నాడు భైరవదండుడు. అయినా ఆయన గొంతులో నవ్వు వినబడింది.

నది నడుమకు వచ్చాక ఏనుగు ఆగింది. దాని కళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. తొండం నిటారుగా పైకెత్తి, ఊపిరి పీల్చి, ఉన్నచోటనే నిదానంగా మునగడం మొదలుపెట్టింది. నీళ్ళు దంతాలు దాటి, చెవులు దాటి, నుదుటి కమలం దాటి వచ్చాయి. అంబారీని కట్టిన తాళ్ళు ఫటఫటా తెగాయి. జనం ఒకరినొకరు వాటేసుకుని కళ్ళు మూసుకున్నారు.

అంబారీ మునగలేదు. ఒకసారి గిర్రున తిరిగి, బాతులా నీళ్ళమీద నిలిచి తేలింది.

 తాము ఇప్పుడు దేనిలో కూర్చున్నారో ప్రతి ఉక్కుపాగాకూ తెలుస్తూనే ఉంది. దాని పేరు పలకడానికి ఒక్కడికీ నోరు రాలేదు. శ్రీకంఠమంత్రి మెల్లగా, "ఇది అంబారీయే కదా," అన్నాడు.

"పడవ," అన్నాడు భైరవదండుడు. తాబేలు నాలుగు కాళ్ళమీదా లేచి, పిట్టగోడ సందు దగ్గరికి నడిచింది. కూతురు చెయ్యి చాచింది గాని పట్టుకోలేదు. "నేను ఈదుతానమ్మా. ఇప్పుడు నాకది తేలిక," అని ఆయన నీళ్ళలోకి జారాడు.

ఉక్కుపాగాలు బిలబిల లేచారు. నాయకుడి వెంట దూకడానికి ముందువరస అప్పుడే పంచెలు ఎగ్గట్టింది. అంబారీ ఒక పక్కకు ఒరిగింది, పిల్లలు ఏడ్చారు.

"కూర్చోండి," అని నీళ్ళమీంచి నగారా మోగింది. "ఒక్కడు దూకినా వాడు నా పక్షం కాడు. సోమనాథం, నీ మనవణ్ణి పట్టుకో. అందరూ కూర్చుని తెడ్లు వెయ్యండి."

"తెడ్లు లేవండీ," అన్నాడు సోమనాథం.

"పాగాలున్నాయిగా."

ఇనపకడియాలు ఊడదీసి, గంజిపెట్టి చెక్కలా బిగిసిన పాగాలతో ఉక్కుపాగాలు నీళ్ళు తొయ్యడం మొదలెట్టారు. నూలుపాగాలు తమ పాగాలను విప్పి, ఒకదానికొకటి ముడివేసి తాడు పేనారు. అంబారీ ఆవలి ఒడ్డువైపు కదిలింది. కదిలిందే గాని, దాని కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. పైకెత్తిన తొండం ఒక్కటే నీళ్ళమీద నల్లని స్తంభంలా నిలబడి, వాళ్ళ వెంటే వస్తోంది. దాని కొసనుంచి బూడిదరంగు పొగ చిమ్ముతోంది.

జయభల్లుడు పాగాల తాడును నడుముకు చుట్టుకుని, రెండో కొసను హేమలేఖకిచ్చాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

"ఆ పొగ చిమ్మే తొండం దగ్గరికి. మాంత్రికుడు దాన్లోనే ఉన్నాడు. మీ నాన్నగారు అప్పుడే అటు సగం దూరం వెళ్ళిపోయారు."

హేమలేఖ తాడును తన చేతికి చుట్టుకుంది. అతను మొలలోని కత్తిని పళ్ళమధ్య కరిచిపట్టి దూకాడు. నీళ్ళు చల్లగా మీద పడ్డాయి. ముందు చిన్న నల్లని చిప్ప అలల్ని కోసుకుంటూ పోతోంది. దాన్ని అందుకుని, రెండు బారలు వేసి, తొండం పక్కకు చేరి, అతను చెయ్యి చాచాడు.

తొండం వంగింది. అతని నడుమును, తాబేలునూ కలిపి ఒక్క చుట్టు చుట్టి, నీళ్ళ అడుక్కు లాక్కుపోయింది. పైన హేమలేఖ చేతిలోని పాగాల తాడు సర్రున బిగిసింది.